కొబ్బరి తాడు మీద వేల్స్ చరిత్ర: బడి వరండాలో కాలరేఖ కట్టే పద్ధతి

బ్రిటన్‌లో ఇంగ్లండ్‌ను ఆనుకుని ఉన్న వేల్స్ స్వపరిపాలన కథను హైస్కూల్ పిల్లలకు చెప్పడానికి తేదీల పట్టిక కన్నా తాడు నయం. పట్టికలో ఏడొందల ఏళ్లు పది వరుసల్లో ఇమిడిపోతాయి. ఏ అడుగుకు ఎన్నాళ్లు పట్టిందో అందులో తెలియదు, తాడు మీద కంటికి కనిపిస్తుంది.

కోనసీమలో ఎక్కడైనా దొరికే చిటికెనవేలి లావు కొబ్బరి తాడు 9 మీటర్లు తీసుకోండి. ఏడాదికి ఒక సెంటీమీటరు. 1280 దగ్గర సున్నా, 2030 దగ్గర 750. మిగిలినది రెండు చివర్లా కట్టుకోవడానికి. కొత్త తాడు సాగుతుంది కాబట్టి వరండా స్తంభాలకు బిగించి ఒక రాత్రి ఉంచాకే కొలవండి. మధ్య స్తంభాలకు కూడా కట్టకపోతే చీటీల బరువుకి వేలాడిపోతుంది. గుర్తుకోసం ముడులు వేయొద్దు. ఒక్కో ముడి కొంత తాడు తినేస్తుంది, ఆ మేరకు కొలత తప్పుతుంది. రంగు దారం చుట్టి, అట్టముక్కని బట్టల క్లిప్పుతో తగిలించండి. మామూలు కాగితం వానాకాలం తేమకి మెత్తబడి వంగిపోతుంది.

2 సెం.మీ. దగ్గర 1282: వేల్స్ పాలకుడు లవెలిన్ ఆప్ గ్రిఫిద్ ఇంగ్లండ్‌తో యుద్ధంలో చనిపోయాడు. 4 దగ్గర 1284: రిద్లాన్ శాసనం, దాంతో వేల్స్ ఇంగ్లండ్ రాజు పట్టులోకి వెళ్లింది. 124 దగ్గర 1404: తిరుగుబాటు చేసిన ఓవైన్ గ్లిన్‌దూర్ మహన్‌లెథ్‌లో పార్లమెంటు కూర్చాడు. 256, 263 దగ్గర 1536, 1543 చట్టాలు వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపేశాయి. బ్రిటన్ జెండాలో వేల్స్‌కు గుర్తు లేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న అది.

అక్కడినుంచి మూడు మీటర్లకు పైగా తాడు దాదాపు ఖాళీ. మధ్యలో ఒక్క 1746 చీటీ: చట్టాల్లో 'ఇంగ్లండ్' అంటే వేల్స్ కూడా అందులోదే అని రాసుకున్నారు. ఆ ఖాళీని బొమ్మలతో నింపొద్దు. పిల్లల్ని 601 దాకా నడిపించండి. అక్కడ 1881, ఆదివారం సారా దుకాణాలు మూసే చట్టం, ఆధునిక కాలంలో వేల్స్‌కు మాత్రమే వర్తించిన మొదటిది. 645 దగ్గర వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి పుట్టుక.

మన చీటీలు వేరే రంగులో పెట్టండి: 572 దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి, 673 దగ్గర ఆంధ్ర రాష్ట్రం. దానికి రెండు సెంటీమీటర్ల అవతలే కార్డిఫ్‌ను వేల్స్ రాజధానిగా ప్రకటించిన 1955.

ఎక్కువ సేపు ఆగాల్సింది 685 దగ్గర. లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం 1965లో ట్రవెరిన్ లోయ మునిగింది, కాపెల్ కెలిన్ అనే వెల్ష్ మాట్లాడే ఊరు పోయింది. లోయను ముంచడానికి లండన్ పార్లమెంటు చేసిన చట్టానికి వేల్స్ ఎంపీల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటెయ్యలేదు, అయినా 1957లో నెగ్గింది. పోలవరం ముంపు మాటలు వింటూ పెరిగిన డెల్టా పిల్లలకు దీన్ని వేరే విడమర్చక్కర్లేదు. వేల్స్‌కు సొంత శాసనసభ ఎందుకు కావాలన్నారో ఇక్కడ తెలుస్తుంది.

699 చీటీ చాలామంది వదిలేస్తారు. వదిలితే కథ అబద్ధమవుతుంది: 1979 రెఫరెండంలో సభ కావాలన్నది 20.3 శాతమే. 717 దగ్గర, 1997లో, 50.3 శాతం. తేడా 6,721 ఓట్లు.

ఆఖరి 30 సెంటీమీటర్లలో చీటీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అలాగని స్కేలు పెంచొద్దు, పొడవు తేడాలున్న దారాలతో కిందికి వేలాడదీయండి. 1999లో 60 మంది సభ వచ్చినా సొంతంగా చట్టం చేసే అధికారం లేదు, లండన్ చట్టాల కింద నియమాలు రాయడమే. 2011లో మరో రెఫరెండంలో 63.5 శాతం ఒప్పుకున్నాక 20 రంగాల్లో సొంత చట్టాలు. 2017 చట్టంతో లెక్క తిరగబడింది. అంతకుముందు రాసిచ్చినవే సభవి, ఆ తర్వాత లండన్ అట్టిపెట్టుకున్నవి తప్ప మిగతావన్నీ సభవే. మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని కేంద్ర, రాష్ట్ర అధికారాల జాబితాలతో పోల్చి చెప్పొచ్చు గానీ, పోలీసు మనకు రాష్ట్రం చేతిలో ఉంటుంది, వేల్స్‌లో ఇంకా లండన్ చేతిలోనే. 2020లో సభ పేరు సెనెద్ కమ్రి అయింది. 746 దగ్గర 2026: ఆ ఎన్నికల నుంచి 96 మంది సభ్యులు.

ఏ చీటీ మీదా 'స్వాతంత్ర్యం' అని రాయకండి, వేల్స్‌కు వచ్చింది అది కాదు. పేర్లు అక్షరాలను బట్టి కాక, వాళ్లు పలికినట్టు రాయండి.