లైనక్స్ రూటింగ్, 4వ పాఠం: ఒక సర్వర్, రెండు లైన్లు

పోయిన పాఠంలో 'బ్లూ' అనే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (సర్వర్ లోపలే సొంత అడ్రస్‌లు, సొంత దారులు ఉన్న విడి నెట్‌వర్క్) కట్టుకున్నాం. వీఈత్ జత (రెండు కొసలున్న వర్చువల్ కేబుల్)లో ఒక కొస దాని లోపల (10.10.2.2), రెండోది సర్వర్ మీద (10.10.2.1). ఒక ఇంటర్‌ఫేస్‌లో వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో దాంట్లోకి పంపేలా ఫార్వర్డింగ్ ఆన్ చేశాం, బయటికెళ్లే ప్యాకెట్ సోర్స్ అడ్రస్‌ని సర్వర్ అడ్రస్‌గా మార్చే మాస్కరేడ్‌ని ఈత్1 మీద పెట్టాం. అయినా బ్లూ ప్యాకెట్లు ఈత్0 నుంచే పోతున్నాయి కదా? మొదటి లైన్ ఈత్0, దాని గేట్‌వే 192.0.2.1; రెండో లైన్ ఈత్1, దాని గేట్‌వే 203.0.113.1. బ్లూను రెండో లైన్‌కి మళ్లించడమే ఇవాళ్టి పని.

మాస్కరేడ్ దారి చూపించదు. కెర్నెల్ ముందు దారి తేల్చుకుంటుంది, ఆ తర్వాతే పోస్ట్‌రూటింగ్‌లో (ప్యాకెట్ బయటికెళ్లే ముందు చివరి మెట్టు) అడ్రస్ మారుతుంది. అందుకే రూల్ రాయాల్సింది లోపలి అడ్రస్ మీద.

ఏ రూటింగ్ టేబుల్ ఏ వరుసలో చూడాలో చెప్పేవి రూల్స్. 'ఐపీ రూల్' కొడితే మూడు వరుసలు కనిపిస్తాయి: 0 దగ్గర లోకల్, 32766 దగ్గర మెయిన్, 32767 దగ్గర డిఫాల్ట్. చిన్న నంబర్‌దే ముందు వంతు. మన రూల్ మెయిన్ కంటే ముందు దూరాలి, అది చూపించే కొత్త టేబుల్‌కి 102 అని నంబర్ ఇద్దాం:

ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 203.0.113.1 డెవ్ ఈత్1 టేబుల్ 102
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 10.10.2.0/24 లుకప్ 102 ప్రయారిటీ 1000

ఇప్పుడు బ్లూ నుంచి బయటికి పింగ్ కొట్టండి, ఈత్1 మీదే పోతుంది. సంబరపడే ముందు 10.10.2.1కి కూడా కొట్టండి. పక్కనే ఉన్న గేట్‌వే, జవాబు రాదు! మొదటిసారి నేను రాత్రంతా ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాను. తెల్లారుజామున ఈత్1 మీద టీసీపీడంప్ (పోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెడితే '10.10.2.1 నుంచి 10.10.2.2కి ఎకో రిప్లై' అని కనిపించింది. ఇంట్లో ఇవ్వాల్సిన జవాబు వీధిలోకి పోతోంది. సర్వర్ ఇచ్చే జవాబు సోర్స్ కూడా 10.10.2.0/24లోదే కాబట్టి అదే రూల్‌కి తగులుకుంది. 102లో ఉన్నదేమో డిఫాల్ట్ రూట్ ఒక్కటే.

వచ్చిన ప్యాకెట్ సోర్స్‌కి తిరుగు దారి సరిగ్గా ఉందా అని చూసే సెట్టింగ్ ఆర్‌పీ_ఫిల్టర్. నా మెషీన్‌లో అది 2 (వదులు తనిఖీ) మీద ఉంది కాబట్టి కనీసం ఈ ఆనవాలు దొరికింది. 1 (కఠిన తనిఖీ) మీద ఉంటే బ్లూ పంపిన ప్యాకెట్‌నే కెర్నెల్ చప్పుడు లేకుండా పడేస్తుంది, బయటి పింగ్ కూడా ఆగిపోవచ్చు.

మందు ఒక్క వరుస:

ఐపీ రూట్ యాడ్ 10.10.2.0/24 డెవ్ వీఈత్_బ్లూ టేబుల్ 102

'సప్రెస్_ప్రిఫిక్స్‌లెంత్ 0'తో, అంటే డిఫాల్ట్ రూట్‌ని మాత్రం వదిలేసి, మెయిన్ టేబుల్‌ని ముందుగా చూపించే పద్ధతీ ఉంది. పని సులువే, కానీ పక్క నేమ్‌స్పేస్‌ల దారులన్నీ బ్లూకి తెరుచుకుంటాయి. విడిగా ఉంచాలనే కదా ఇంత తంటా, నేనైతే పై వరుసే వాడతాను. ఎలాగూ అసలు అడ్డుగోడ ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చైన్‌లో కట్టాల్సిందే, అది 5వ పాఠంలో.

ఈలోగా 10.10.3.0/24తో 'గ్రీన్' కట్టి ఈత్0కి మళ్లించండి. దాని టేబుల్ 103. సరిచూసుకోవడానికి (ఐఐఎఫ్ అంటే ప్యాకెట్ లోపలికొచ్చే ఇంటర్‌ఫేస్):

ఐపీ రూట్ గెట్ 198.51.100.7 ఫ్రమ్ 10.10.3.2 ఐఐఎఫ్ వీఈత్_గ్రీన్

జవాబులో ఈత్0తో పాటు 'టేబుల్ 103' కూడా కనిపించాలి. ఈత్0 ఒక్కటే కనిపిస్తే మీ రూల్ తగల్లేదు, మెయిన్ టేబుల్ దారిలో పోతోంది.