పాముకాటు గురించి ఊళ్లో చెప్పాలంటే

ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మాది దివిసీమ. వరి చేలు, గట్ల నిండా ఎలుక బొరియలు, ఆ ఎలుకల కోసం పాములు. వానలు పడ్డాయంటే ఎవరికో ఒకరికి "పురుగు ముట్టింది" అన్న కబురు వస్తుంది. అందుకే రిటైరైన ఏడాదే ఒక ఊరి రామాలయం అరుగు మీద తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి గంటసేపు మాట్లాడాను. నరాల మీద పనిచేసే విషాలు, రక్తం మీద పనిచేసే విషాలు, ప్రొటీన్లు, ఎంజైములు, అన్నీ చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో ఒక ముసలావిడ లేచి, "అదంతా సరేగానీ మాస్టారూ, మా మరిదికి మంత్రంతోనే తగ్గింది కదా?" అంది. "అది మూఢనమ్మకం అమ్మా" అన్నాను. ఆవిడ కూర్చుంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

మీరూ ఈ పని చేయాలనుకుంటే ఆ ముసలావిడ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మరిదిని పాము కరిచింది, మంత్రం వేయించారు, బతికాడు. ఈ మూడూ జరిగినవే. ఎందుకు బతికాడో చెప్పకుండా మీరు ఏం చెప్పినా ఎవరికీ ఎక్కదు.

దీనికి నా దగ్గర పది చింతగింజలున్నాయి. మూడింటికి సున్నం బొట్టు పెట్టాను. బొట్టున్నవి విషం ఎక్కిన కాట్లు, మిగతావి ఉత్త కాట్లు. గింజల్ని చెంబులో వేసి, ఒకరిని చూడకుండా ఒకటి తీసి గుప్పిట మూయమంటాను. గుప్పిట విప్పకముందే పక్కనున్న పెద్దాయన్ని మంత్రం వేయమంటాను. ఆయన నవ్వుతూ ఏదో గొణుగుతాడు. గుప్పిట విప్పితే ఎక్కువసార్లు బొట్టు లేని గింజే ఉంటుంది. "బతికించింది ఎవరు?" అని అడిగి ఊరుకుంటాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడతారు. అప్పుడు చెబుతాను: నీరుకట్టుకీ జెర్రిపోతుకీ విషమే లేదు, నాగుపాము కూడా ఒక్కోసారి కరిచి విషం వదలదు. పదికి మూడన్నది ఆట కోసం పెట్టుకున్న లెక్కేనని కూడా తప్పకుండా చెప్పండి. లేకపోతే మర్నాటికి అదే ఊరంతా పాకుతుంది.

మాటల విషయంలో ఊరివాళ్ల మాటే వాడండి. రాత్రిపూట పాము పేరెత్తరు, "పురుగు" అంటారు. విషం ఎక్కింది, విషం దిగింది అంటారు. యాంటీ స్నేక్ వెనమ్ వాళ్ల నోట్లో "పాము ఇంజెక్షన్". అది చాలు. ఆ ఇంజెక్షన్ ఎలా తయారవుతుందో మాత్రం కథలా చెప్పండి. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. వాళ్లు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటినీ పట్టి విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రానికి కొంచెం కొంచెంగా ఎక్కిస్తే దాని ఒంట్లో విరుగుడు పుడుతుంది. దాని రక్తం నుంచే మందు. మా వైపు ఎలుకల్ని, పాముల్ని పట్టే యానాదుల పనితనం చూసినవాళ్లకు ఈ కథ వెంటనే దగ్గరవుతుంది. పిల్లలైతే గుర్రం చచ్చిపోదా అని అడుగుతారు. మంచి ప్రశ్న, సమయం తీసుకుని చెప్పండి.

ఆసుపత్రిలో జరిగే గొడవల్లో సగం ఒక చిన్న పరీక్ష గురించి. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని అనుమానం. బయట ఉన్న బంధువులకేమో "డాక్టరు ఏమీ చేయకుండా చూస్తూ కూర్చున్నాడు" అనిపిస్తుంది. నేను రెండు గ్లాసులు తీసుకెళ్తాను, ఒకదాంట్లో గట్టిగా తోడుకున్న పెరుగు, ఒకదాంట్లో పాలు. రెండూ వంచుతాను. పెరుగు నిలబడుతుంది, పాలు అరుగు మీద కారతాయి. ఇంతకంటే వివరించాల్సిన పని రాలేదు. నాగుపాము, కట్లపాము కాట్లకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తారు.

కట్లపాము గురించి విడిగా చెప్పండి. అది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, కాటు గుర్తూ కనపడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. నేను ఇక్కడ రెండే మాటలు చెబుతాను: దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి, కడుపునొప్పితో పాటు రెప్పలు వాలితే బండి తీయండి.

భూతవైద్యుడితో, పసరు పోసేవాడితో పోట్లాటకు దిగొద్దు. ఒక ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన ఇంటికే నేను వెళ్లి, "మంత్రం ఆటోలో కూర్చుని వేయండి బాబాయ్, దారి పొడుగునా వేయండి" అన్నాను. ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆయనే ముందు ఆటోకి ఫోన్ చేస్తున్నాడు. నాగుల చవితి రోజు పుట్ట దగ్గర నిలబడి "పాము పాలు తాగదు" అని చెప్పడం కూడా అనవసరం. ఆ మాట నిజమే, కానీ దానివల్ల ఒక్క ప్రాణమూ నిలవదు.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటుంది. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండని ఒక ఊళ్లో గట్టిగా చెప్పాను. పది రోజులకే ఒక కుర్రాడిని తీసుకెళ్తే అక్కడ మందు లేదు, ఇంకో 30 కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. బతికాడు గానీ వాళ్ల నాన్న నన్ను బజార్లో నిలదీశాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అప్పట్నుంచి మీటింగుకు ముందు రోజు స్వయంగా వెళ్లి సీసాలు ఎన్ని ఉన్నాయో కనుక్కుంటాను. ఎక్కడ ఉంటే ఆ ఊరి పేరే చెబుతాను.

లెక్కలు తక్కువగా వాడండి. దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోతున్నారని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. నేనిది అధికారుల దగ్గర వాడతాను, అరుగు మీద వాడను. ఆ పరిశోధనలోని ఇంకో సంగతి మాత్రం మనకు పనికొస్తుంది: దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. కాబట్టి నాట్లకు ముందే వెళ్లండి, కూలీలు క్యారేజీలు విప్పే గట్టు దగ్గరకు వెళ్లండి. మైకు అక్కర్లేదు.

చెప్పడం అయ్యాక వాళ్ల చేత చేయించండి. ఒకరిని కాటు తిన్నవాడిగా పడుకోబెట్టి, మిగతావాళ్లను ఏం చేస్తారో చేయమనండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి అదే చేయించండి. మొన్న అలా వెళ్తే కాలికి కర్ర ఆనించి కదలకుండా కట్టడం, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం గుర్తున్నాయి. కానీ ముగ్గురు తువ్వాలు తీసి మోకాలి పైన బిగించి ముడేశారు. ఆ ముడి వద్దని నేను చివర్లో, అందరూ లేచే హడావిడిలో చెప్పానట. ఈసారి దాంతోనే మొదలుపెడతాను.