టచ్‌స్క్రీన్, టచ్‌ప్యాడ్ వాడి వేలికొనలు నొప్పెడుతున్నాయా? ఇలా చేయండి

విజయనగరం గంటస్తంభం దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే పని నాది. పొద్దస్తమానం వేలు ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీదే. ఒకరోజు వేడి టీ గ్లాసు పట్టుకుంటే చూపుడువేలి కొన చురుక్కుమంది. సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే మా మేనకోడలికి వేళ్లు కందిపోవడం కొత్త కాదు. నా చేయి చూసి, "మామయ్యా, తీగ అయితే నొక్కాలి. దీన్నెందుకు అంతలా నొక్కుతావు?" అంది. తప్పు అక్కడే ఉంది.

1. ముందు మీ గోరు చూసుకోండి. స్క్రీన్ తాకినప్పుడు గోరు చివర తెల్లబడుతోందంటే అవసరానికి మించి నొక్కుతున్నట్టే. ఇప్పటి ఫోన్ స్క్రీన్‌కి బరువుతో పనిలేదు. చర్మం తగలగానే అక్కడి విద్యుత్తులో వచ్చే చిన్న మార్పును అది పసిగడుతుంది. గోరు రంగు మారకుండా తాకడం రెండు రోజులు అలవాటు చేసుకోండి. మొదట్లో మర్చిపోతుంటారు, ఫర్వాలేదు. వేలికొనతో పొడిచినట్టు కాకుండా కొన వెనకాల మెత్తటి భాగంతో తాకండి.

2. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ విభాగం తెరిచి, తాకితే చాలు క్లిక్ అయ్యే ఆప్షన్ ఆన్ చేయండి. కర్సర్ వేగం పెంచితే వేలు అంత దూరం రుద్దక్కర్లేదు. రోజంతా పనైతే మాత్రం మౌస్ కొనుక్కోండి, దాన్ని మించింది లేదు.

3. పొడుగు మెసేజ్‌లు కీబోర్డులోని మైక్‌తో తెలుగులోనే చెప్పండి. ఇంటిపేర్లు, ఊరిపేర్లు ఒక్కోసారి తప్పు పడతాయి, అవి చేత్తో దిద్దుకోవాలి.

4. ఇప్పటికే నొప్పి ఉంటే ఆ వేలిని కొన్నాళ్లు పక్కనపెట్టి వేరే వేలు వాడండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా రాత్రిపూట, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు.

5. చర్మం పొడిబారితే సులువుగా పగులుతుంది. రాత్రి పడుకునే ముందు వేలికొనలకు కొబ్బరినూనె రాయండి. పగిలిన టెంపర్డ్ గ్లాస్ వెంటనే మార్చేయండి, ఆ గీతలు వేలిని కోస్తాయి. చెమట జిడ్డు అంటిన గాజు మీద వేలు జారదు, పట్టి లాగుతుంది. నేను పాత పొందూరు ఖద్దరు కండువా ముక్క దగ్గర పెట్టుకుని గంటకోసారి తుడుస్తుంటాను. మెత్తగా ఉంటుంది, గీత పడదు.