వానలకు ముందే జిల్లాలో అంటువ్యాధులకు ర్యాంకులు వేయడం ఎలా?

జబ్బుల జాబితా పదికి మించనివ్వకండి. ఒక్కోదానికీ వ్యాప్తి, మరణాల శాతం, టీకా లేదా మందు కొరత, గుర్తించడంలో కష్టం చూసి 1 నుంచి 5 మార్కులు వేయాలి. ఏ అంశానికి ఎంత వెయిటేజీయో ముందే తేల్చండి. మార్కులు చూశాక మారిస్తే ఎవరికి నచ్చిన జబ్బును వాళ్లు పైకి తెచ్చేస్తారు. మార్కులు ఎవరికి వారు విడిగా వేయాలి, లేకపోతే పెద్ద డాక్టరు మాటే అందరి మాటవుతుంది. తేడా 2 మార్కులు దాటితేనే చర్చ.

అసలు చిక్కు మరణాల శాతంతోనే. నిపా వైరస్ జబ్బులో అది 40 నుంచి 75; తీవ్రమైన డెంగీలో కూడా సరైన వైద్యం అందితే 1 లోపే. ఆ ఒక్క అంకె పట్టుకుంటే డెంగీ అడుగుకు పోతుంది, వార్డులు నిండేది మాత్రం దానితోనే. కేసుల లెక్కనూ గుడ్డిగా నమ్మొద్దు: టెస్టులు చేయని మండలంలో స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కేసులు ఎప్పుడూ సున్నాయే.