ఎండకాలంలో క్యారవాన్ ప్రయాణం: రిటైరైన దంపతులకు

మేలో వరంగల్ నుంచి ఆదిలాబాద్ పోవాలంటే తెల్లారి 5కే బండి తీయండి, 11 కల్లా నీడకు చేరండి.

గాలి మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. వేడెక్కిన టైరులో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే టైరు నలిగి, ఇంకా వేడెక్కి పగులుతుంది. టైరు పక్కన 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. అంత పాతది, గీతలు బాగున్నా సరే, మార్చాల్సిందే.

నిర్మల్ ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు లేస్తే ఏసీ ఆపి, పక్కకు తీయండి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టొద్దు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

తాగడానికే ఇద్దరికీ కలిపి రోజుకు 8 లీటర్ల నీళ్లు పెట్టుకోండి. బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లు ఎంత తాగాలో ముందే డాక్టరును అడగాలి. ఇన్సులిన్‌ను ఐసుకు తగలకుండా గుడ్డలో చుట్టండి, గడ్డకడితే పనికిరాదు.