డీఆర్ఎల్ ముందుకే వెలుగుతుంది, వెనక సంగతి చూసుకోండి

కొత్త కారు కొన్నవాళ్లు ఎవరు కలిసినా ముందు ఒక పని చేయమంటాను. చీకటి పడ్డాక ఇంజన్ స్టార్ట్ చేసి, లైట్ల స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, దిగి కారు చుట్టూ ఒక్కసారి తిరగండి. ముందు డీఆర్ఎల్ (ఇంజన్‌తోపాటే వెలిగే పగటి దీపం) తెల్లగా మెరిసిపోతుంటుంది. వెనక మాత్రం చాలా కార్లకు ఒక్క దీపం కూడా వెలగదు.

ఇక్కడే ఉంది తిరకాసు. పాత కార్లలో లైట్లు వేయకపోతే మీటరు చీకటిగా ఉండేది, వెంటనే గుర్తొచ్చేది. ఇప్పటి డిజిటల్ మీటరు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పైగా ఊళ్లో వీధి దీపాలు. అలాగే హైవే ఎక్కేస్తారు. నేను విజయవాడ-హైదరాబాద్ రూట్లో బండి నడుపుతాను. సంక్రాంతి రోజుల్లో నందిగామ దాటాక తెల్లవారుజామున మంచు పట్టిందంటే, అలాంటి కారు మన బంపర్ దగ్గరికొచ్చేదాకా కనబడదు.

వెలుతురు తగ్గినా, వాన పడినా, మంచు పట్టినా లైట్ల రాడ్డు రెండు క్లిక్కులు తిప్పండి. మొదటి క్లిక్కు పార్కింగ్ లైట్లు. పేరులోనే ఉంది, అవి ఆగిన బండికి. రెండో క్లిక్కుకి హెడ్‌లైట్లు, వాటితోపాటు వెనక ఎర్ర దీపాలు. లైట్లు వాటంతటవే వెలిగే 'ఆటో' ఉంది కదా అంటారు. రాత్రికి పరవాలేదు గానీ పొద్దున మంచులో దాన్ని నమ్మొద్దు. ఆ సెన్సర్ చూసేది వెలుతురునే, తెల్లటి మంచు దాని లెక్కలో పగలే.

మంచులో బ్రైట్ వేస్తే వెలుగంతా తుంపర్లకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ చాలు, ఫాగ్ లైట్లుంటే అవీ వేయండి. ఇంకో జబ్బుంది, నడుస్తున్న బండికి హజార్డ్ వేయడం. నాలుగు లైట్లూ కొట్టుకుంటుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికెలా తెలియాలి?

డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ముగ్గురు ఎక్కితే కారు ముక్కు లేస్తుంది. అప్పుడు డిమ్ కూడా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటే, లోడును బట్టి పెద్ద అంకెకు తిప్పండి, వెలుగు కిందికి దిగుతుంది. సరిచూడాలంటే కారు ఖాళీగా ఉన్నప్పుడు 0లో పెట్టి, చదును నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో ఆపండి. గోడ మీద డిమ్ వెలుగు పై అంచు, హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తుకన్నా సుమారు 5 సెంటీమీటర్లు కిందుండాలి. ఎడమవైపు కాస్త లేచి కనిపిస్తే కంగారు పడకండి, రోడ్డు పక్క నడిచేవాళ్లు కనబడాలని అలా చేస్తారు.

బైకులకు 2017 ఏప్రిల్ 1 నుంచి ఇంజన్‌తోపాటే హెడ్‌లైట్ వెలిగేలా రూలు వచ్చింది. ఇప్పటికీ పగలు ఎవరో ఒకరు చెయ్యి మూసి తెరిచి లైటు ఆర్పమని సైగ చేస్తూనే ఉంటారు. పట్టించుకోకండి.

వెనక దీపాలు చూసిపెట్టేవాళ్లు లేకపోతే, రాత్రి మూసిన షాపు షట్టర్‌కి దగ్గరగా కారును రివర్స్‌లో ఆపి, లైట్లు వేసి అద్దాల్లో చూడండి. తర్వాత బ్రేక్ తొక్కండి. ఎరుపు రెండు పక్కలా పడాలి. ఒకవైపే పడితే రెండోవైపు బల్బు పోయినట్టే.