‘నో సచ్ ఆబ్జెక్ట్’ అంటోందా? ఏజెంట్‌ని తిట్టే ముందు వ్యూ చూడండి

సర్వర్‌ని ఎస్‌ఎన్‌ఎంపీలో (నెట్‌వర్క్ మీద మెషీన్ల బాగోగులు అడిగే పద్ధతి) అడిగితే అందులోని ఏజెంట్ అనే ప్రోగ్రామ్ పేరు, అప్‌టైమ్ చక్కగా చెబుతుంది. ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ పోర్టు) లెక్కలు అడిగితే మాత్రం ‘నో సచ్ ఆబ్జెక్ట్’. ఇక్కడ శ్రీకాకుళం నుంచి పలాస దాకా ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: “అన్నా, ఏజెంట్ పోయినట్టుంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసీమంటావా?”

వద్దు. వీ2సీలో (ఎస్‌ఎన్‌ఎంపీలో ఒక వెర్షన్) కమ్యూనిటీ పేరు (పాస్‌వర్డ్‌లాంటిది) తప్పయితే ఏజెంట్ ఎర్రర్ కూడా ఇవ్వదు, నోరు మూసుకుంటుంది. మీకు కనబడేది టైమౌట్. జవాబంటూ వచ్చిందంటే 161 పోర్టు, ఫైర్‌వాల్, కమ్యూనిటీ మూడూ బాగున్నట్టే. వాటిని కెలకొద్దు.

‘నో సచ్ ఇన్‌స్టెన్స్’ అయితే ముందు ఓఐడీ (అడిగే ప్రతి విలువకూ ఉండే చుక్కల నంబరు) తోక చూడండి. అప్‌టైమ్‌లాంటి ఒంటరి విలువలకు చివర .0 ఉండాలి. ఎన్నిసార్లు చెప్పినా ఇదే మర్చిపోతారు. పాత వెర్షన్ వీ1లో పది ఓఐడీలు కలిపి అడిగితే ఒక్కటి తప్పయినా మొత్తం వెనక్కి కొడుతుంది. ఆ ఒక్కటి ఎన్నోదో ఎర్రర్ ఇండెక్స్‌లో ఉంటుంది. దాన్ని చదవకుండా పదీ మార్చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక నన్ను ముంచింది చెబుతాను. టెక్కలిలో ఒక ఉబుంటు సర్వర్, ఇదే గోల. బస్సెక్కి వెళ్లి, దాని ముందే కూర్చొని వాక్ (ఒక ఓఐడీ కింద ఉన్నవన్నీ వరసగా అడిగే కమాండ్) కొడితే అంతా బారులు తీరి వచ్చింది. అయితే తప్పు మన మానిటరింగ్‌దేనని తిరిగొచ్చి దాన్ని సగం రోజు పీకి పెట్టాను. మళ్లీ అదే పాట. చివరికి చూస్తే ఎస్‌ఎన్‌ఎంపీడీ (అదే, ఏజెంట్) కాన్ఫిగ్‌లో రెండు ఆర్వో (చదవడానికి మాత్రమే) కమ్యూనిటీ లైన్లు. లోకల్‌హోస్ట్‌కి, అంటే ఆ సర్వర్‌లోంచే అడిగితే, తలుపులన్నీ బార్లా. బయటివాళ్లకి ‘సిస్టమ్‌ఓన్లీ’ అనే వ్యూ (ఏ ఓఐడీలు కనబడాలో చెప్పే జాబితా) మాత్రమే, అంటే 1.3.6.1.2.1.1, 1.3.6.1.2.1.25.1 కింద ఉన్నవే. ఇంటర్‌ఫేస్ లెక్కలు అందులో లేవు. వ్యూలో లేనిదాన్ని అడిగితే ఏజెంట్ ‘నీకు అనుమతి లేదు’ అనదు, అసలు అలాంటిదే లేదంటుంది. అక్కడే బోల్తా పడతాం.

గుర్తుపట్టడం తేలికే. మానిటరింగ్ మెషీన్ నుంచి 1.3.6.1.2.1 మీద వాక్ కొట్టండి. కొన్ని లైన్లు వచ్చి ‘ఈ ఎంఐబీ వ్యూలో ఇంకేమీ లేవు’ అన్న అర్థంతో ఆగిపోతుంది (ఎంఐబీ అంటే ఓఐడీల చెట్టు). వ్యూ అన్న మాట ఆ మెసేజ్‌లోనే ఉంది, చదివేవాళ్లేరీ?

1.3.6.1.2.1ని కలుపుతూ కొత్త వ్యూ రాయండి. సర్వర్ లోడ్ (పని భారం) కూడా కావాలంటే 1.3.6.1.4.1.2021కి ఇంకో లైను. బయటివాళ్ల కమ్యూనిటీ లైనులో ‘డిఫాల్ట్’ (ఎవరైనా సరే అని) తీసి మానిటరింగ్ మెషీన్ ఐపీ, ‘సిస్టమ్‌ఓన్లీ’ బదులు కొత్త వ్యూ పేరు పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. తొందరపడి చెట్టు మొత్తం ఊరందరికీ తెరవొద్దు. టెస్టు మానిటరింగ్ మెషీన్ నుంచే చేయాలి, లోకల్‌హోస్ట్ నుంచి కాదు.

మిగతావి అరుదు. ‘టూ బిగ్’ వస్తే ఒక్కసారికి తక్కువ అడగండి. ‘జెన్‌ఎర్’ (ఏదో తప్పు అని మాత్రమే చెప్పే ఎర్రర్) అంటే లాగ్ చూడాల్సిందే. 64 బిట్ కౌంటర్లు వీ1లో రావు, వీ2సీకి మారండి. కరెంటు పోయొచ్చాక స్విచ్‌లో పోర్టుల ఇండెక్స్‌లు (వరస నంబర్లు) మారిపోతే మానిటరింగ్‌లో మళ్లీ డిస్కవరీ (పోర్టులను కొత్తగా వెతికించడం) నడపండి.